ప్రాచీన సువర్ణ నాణెములు – స్వర్ణకారుల ధర్మము

(బలిఘట్టమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన ప్రసంగము)



ఈ మహాసభయందు కొన్ని మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు కోరినప్పుడు మేము సంకోచించితిమి. మేము పండితులము కాము. కుంపటియొద్ద గూర్చుండి యూదుడుగొట్టముతో జీవితము గడపిన వారము. అయినను మా చేతిమీదుగా జరిగిన యొక పొరపాటు చిరకాలముగా మా మనస్సును బాధించుచున్నది. దానిని సాటి వృత్తివారి యెదుట చెప్పుకొన్నచో, అట్టిదే మరియొకరి చేత జరుగకుండునను నాశతో నీ సాహసమునకు బూనితిమి. దోషములున్న క్షమింప బ్రార్థించుచున్నాము.

మనము సమావేశమైన యీ బలిఘట్టము పుణ్యస్థలము. బ్రహ్మలింగేశ్వరుని సన్నిధిని వరాహనది యుత్తరవాహినియై ప్రవహించుచున్నది. బలిచక్రవర్తి యజ్ఞము చేసిన చోటిదేయని స్థలపురాణము చెప్పుచున్నది. నర్సీపట్టణమునుండియు, చుట్టుప్రక్కల గ్రామములనుండియు వచ్చి యిచ్చట స్నానమాడువారందరు నది పేరు పలుకుచునే యుందురు. అదే పేరుగల బంగారు నాణెమొకటి మన ముత్తాతల పెట్టెలలో నుండెడిదని మాత్రము నేటి బాలురలో బెక్కుమంది యెరుగరు. వరహా యన్న మాటను సామెతలలో వినుటయే కాని, దానిని చేతబట్టి చూచినవారీ సభలో నెందరు గలరని యడిగినచో వృద్ధులు కొందరు చేతులెత్తుదురు. వారిలో దానిని మూసలో వేయక మిగిల్చినవారెందరని మరల నడిగినచో నెత్తిన చేతులు చాలవరకు దిగిపోవును. మా చేయియు దిగవలసినదే.

సుమారు నలువదియేండ్ల క్రిందటి మాట. మా తండ్రిగారి యంగడియందు మేము పని నేర్చి స్వతంత్రముగా గూర్చుండ నారంభించిన దినములవి. కొండదిగువ గ్రామమునుండి యొక వృద్ధురాలు, మనుమరాలి పెండ్లికి కమ్మలు చేయింపగోరి, పాతబంగారము మూటగట్టుకొని వచ్చెను. అరిగిన యుంగరమొకటి, విరిగిన ముక్కుపుడక యొకటి, గుడ్డపేలికలో జుట్టిన కందిబద్దలంతేసి పసిడిబిళ్లలు పదునొకండు ఆ మూటలో నుండెను. “మా అత్తగారి అత్తగారినాటివి బాబూ, అవి యేమిటో నాకు తెలియదు” అని యామె చెప్పెను. మేమొక బిళ్లను వెలుతురున కెత్తి చూచితిమి. ఒక ప్రక్కను పండుకొన్న యెద్దు బొమ్మ. రెండవ ప్రక్కను ఒక యక్షరము, దాని క్రింద నేవో గీతలు. ముద్దుగా నున్నదని మా తమ్మునకు జూపి నవ్వుకొంటిమి. తరువాత గీటురాయిపై గీచి వన్నె చూచి, తూచి, వెలిగారము చల్లి, పదునొకండింటిని మూసలో వేసితిమి. గురిగింజ యెత్తైనను తరుగు దీయక కమ్మలలో గలిపి యిచ్చితిమి. ఆమె మమ్ము దీవించి పోయెను.

పదియేండ్లు గడచిన పిమ్మట, వేరొక పట్టణమున వస్తుప్రదర్శనశాలను జూడబోయి, గాజుపలక క్రింద నదే యెద్దును, అదే యక్షరమును చూచితిమి. ప్రక్కన “తూర్పు గాంగుల ఫణములు” అని వ్రాసియుండెను. అచ్చటినుండి కదలుటకు మాకు కాళ్లాడలేదు. కళింగనగరము, అనగా నేటి శ్రీకాకుళమండలములోని ముఖలింగము, రాజధానిగా మన ప్రాంతమును బాలించిన గాంగులు ఆ చిన్ని నాణెములను వేయించిరి. 1078 మొదలు 1147 వరకు రాజ్యము చేసిన అనంతవర్మ చోడగంగదేవు డా వంశమువాడే. ఆ యక్షరము ‘స’కారము, సంవత్సరమునకు గుర్తు. క్రింది గీతలు రాజ్యకాలములో నెన్నవ యేట నాణెము వేయబడినదో తెలుపు నంకెలు. అరగ్రామైనను తూగని బిళ్లపై నాటి పనివాడు దేవుని వాహనమును, అక్షరమును, సంవత్సరమును ఇమిడ్చినాడు. మేము కరగించిన పదునొకండింటిపై నే యేండ్ల యంకెలుండెనో యిప్పుడు చెప్పగలవారు భూమిపై లేరు.

మా త్రాసు కల్లలాడలేదు. వన్నెయందు మోసము జరుగలేదు. అయినను ఆ వృద్ధురాలికి న్యాయమైన వెల ముట్టినదని మేము చెప్పజాలము. తెలియక చేసిన పని గనుక దోషము లేదని మిత్రులందురు. మన వృత్తిలో బంగారమును గూర్చి తెలియకుండుటయే దోషము కాదా యని మేమందుము.

సోదరులారా! బంగారు నాణెమునకు రెండు వెలలు గలవు. ఒకటి లోహపు వెల. దానిని త్రాసును గీటురాయియు జెప్పును. రెండవది ముద్ర వెల. దానిని కన్నును చదువును జెప్పవలెను. మూస మొదటి వెలను జెరుపదు. రెండవదానిని క్షణములో హరించును. నాణెమునకును మూసకును నడుమ గూర్చుండు కడపటి మనుష్యుడు స్వర్ణకారుడు. కావుననే యీ విషయమును మరియొక సభలో గాక మన సభలో మాటలాడుట యుక్తమని తలచితిమి.

మన దేశపు నాణెములు మనవంటి వారి చేతిపనులే. రాజమహేంద్రవరమున 1022లో బట్టాభిషిక్తుడైన చాళుక్య రాజరాజనరేంద్రుడు నన్నయభట్టారకుని పోషకుడుగా మనకందరకు దెలిసినవాడు. అతని బంగారు నాణెములు పలుచని వెడల్పాటి రేకులు. నడుమ వరాహలాంఛనమును, చుట్టును రాజుపేరులోని యక్షరములను వేరువేరు ముద్రలతో గొట్టియున్నారు. రేకు చిరుగకుండ అన్నిముద్రలు కొట్టుట యెంత పనితనమో మీకు వేరుగ జెప్పనక్కరలేదు. ఈ నాణెములు మన తీరమునగాక సముద్రమునకావల, బర్మాదేశపు అరకాను ప్రాంతమునను, చెడూబా ద్వీపమునను, సయాముదేశమునను దొరకినవి. తెలుగుదేశపు బంగారమెంతదూరము పయనించెనో వానివలననే తెలిసినది. అవి దొరకిన చోటనే కరగిపోయియుండిన నీ సంగతి యెవరికి దెలియును? చాళుక్యుల యీ వరాహలాంఛనమునుండియే నాణెమునకు వరహాయను పేరు వచ్చెనని చరిత్రకారులు చెప్పుదురు.

విజయనగర ప్రభువుల వరహా సుమారు 3.4 గ్రాముల తూకము గలది; అందు సగము ప్రతాప, పదియవవంతు ఫణము. వానిపై ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు, లక్ష్మీనారాయణులు, అచ్యుతరాయల నాటి గండభేరుండము మున్నగు రూపములు గన్పట్టును. పిదప కుంఫిణీవారు చెన్నపట్టణమున వేయించిన నక్షత్రపు గుర్తు వరహా నలువదిరెండు ఫణములకు సరియై, మూడున్నర రూపాయలకు జెల్లెడిది. 1818లో చెన్నరాజధానియందు రూపాయి ప్రమాణనాణెమగుటతో వరహా చెలామణి తగ్గి, కాసులపేరులలోనికిని భోషాణములలోనికిని చేరెను. చేరినవాటిలో నెక్కువభాగము మన కొలుములలోనికి వచ్చెను.

ఈ యలవాటు నేటిది కాదు. 1786 ప్రాంతమున నెల్లూరికి సమీపమున నొక రైతు పొలము దున్నుచుండ నాగలి యిటుకకట్టడమునకు దగిలెను. త్రవ్విచూడగా జిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద నొక చిన్న కుండయు బయటపడెను. కుండలో రోమకచక్రవర్తుల బంగారు నాణెములు! రైతు వానిని పాతబంగారముగా నమ్ముకొనెను; చాల కరగిపోయెను. అమీరుల్ ఉమరా నవాబు సంగతి విని ముప్పదికి బైగా రక్షింపగలిగెను. చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు డేవిడ్సను ఈ వృత్తాంతమును లేఖయందు వ్రాసియుంచెను. ట్రేజను, హేడ్రియను చక్రవర్తులవియు, ఫాస్టీనా రాణిదియు అందుండెననియు, కొన్ని నిన్న టంకసాలనుండి వచ్చినట్లుండెననియు, కొన్నింటికి మెడలోనో చేతనో ధరించుటకు బెజ్జములు వేసియుండెననియు నతడు తెలిపెను. పదునారువందల యేండ్లు మట్టి కాపాడిన వానిలో నెన్నో మనుష్యుల చేతబడిన కొలదిదినములలో నశించినవి. కొన్నవారినిగాని కరగించినవారినిగాని నిందించుటకు మాకు నోరు రాదు. మేమును ఆ పనియే చేసితిమి గదా!

ఇక దూరదేశపు దృష్టాంతమొకటి విన్నవింతుము. అందలి మొదటి మనుష్యుడు మనవంటి స్వర్ణకారుడే. అమెరికా సంయుక్తరాష్ట్రములకు బ్రభుత్వ టంకసాల యింకను లేని కాలమున న్యూయార్కు నగరమందు ఎఫ్రాయిము బ్రాషరను స్వర్ణకారుడుండెను. జార్జి వాషింగ్టనునకు గొంతకాలము పొరుగువాడు. నాడచ్చట నానాదేశముల నాణెములు చెల్లుచుండెను. వర్తకులు వానిని దెచ్చి యిచ్చిన నతడు తూచి, తక్కువైనచో బంగారము చేర్చి, ఎక్కువైనచో గత్తిరించి, తన పేరులోని ‘ఇ’, ‘బి’ యను రెండక్షరములు ముద్రించి యిచ్చెడివాడు. 1787లో దానే స్వయముగా బంగారు నాణెములు వేసి యదే ముద్ర కొట్టెను. ఆ ముద్ర యున్నచో మరల తూచనక్కరలేదని జనులు నమ్మెడివారు. అతడు వేసినవానిలో నేడు తెలిసినవి యేడే. వానిలోనొకటి 2021లో వేలమునకు వచ్చి 93 లక్షల 60 వేల డాలర్లకు బోయెను. అందలి బంగారమో రెండున్నర తులములకు మించదు.

తరువాత 1792 నాటి చట్టముచే టంకసాల యేర్పడి, 1795లో ఫిలడెల్ఫియాయందు బంగారు నాణెములు వేయ మొదలిడిరి. పది డాలర్ల నాణెమునకు ఈగిలని పేరు, అనగా గద్దజాతి పక్షి. అయిదు డాలర్లది అర్ధ ఈగిలు. వన్నె మన నగలవలెనే 22 కారట్లు. అయితే ఆ చట్టము ఎత్తుకెత్తు బంగారమును వెండికి 15 రెట్లుగా లెక్కగట్టెను. ఐరోపా యంగడులలో నది 15½ రెట్లు పలుకుచుండెను. ఆ యరవంతు లాభముకొరకు వర్తకులు నాణెములను సంచులలో నింపి యోడలకెక్కించి కరగించిరి. 1834లో నాణెముల బంగారమును దగ్గించునంతవరకు నిది యాగలేదు. 1822లో 17,796 అర్ధ ఈగిళ్లు వేసినట్లు టంకసాల లెక్కలలో గలదు. ఆ సంవత్సరపు ముద్రతో నేడు తెలిసినవి మూడు మాత్రమే. రెండు వాషింగ్టను నగరమున స్మిత్సోనియను ప్రదర్శనశాలయందున్నవి. మూడవది 2021లో 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. దాని తూకము 8.75 గ్రాములు. ఆ వెల బంగారమునకు గాదు. కరగిపోయిన వేలకొలది తోడినాణెముల కొరతకు.

ఈ పెద్ద సంఖ్యలు విని మన యిండ్లలోని పాతబిళ్ల ప్రతిదియు లక్షలు తెచ్చునని భ్రమపడరాదు. ప్రాచీనత యొక్కటే వెల కాదు. ఎన్ని మిగిలినవి, ఎంత చక్కగా నున్నవి, ఎవరివి, ఎచ్చట దొరకినవి, కోరువారెందరు — ఈ యయిదును గలిసి వెలను నిర్ణయించును. చుక్కగుర్తు వరహాలు విరివిగా వేసినవి గనుక నరుదు కావు. మరి 1918లో బొంబాయి టంకసాలయందు వేసిన సవరను చూడుడు. తూకము 7.98 గ్రాములు, వన్నె 22 కారట్లు. ఇంగ్లాండు సవరనుకును దీనికిని భేదము ‘ఐ’ అను నొక చిన్న యక్షరము. అదే సంవత్సరమున నదే తూకముతో బదునైదు రూపాయల బంగారు నాణెమును గూడ వేసిరి. మరే సంవత్సరమునను వేయలేదు. త్రాసునకు నీ మూడును ఒక్కటే. కంటికి మూడును వేరు.

కావున మన యంగడికి బాతనాణెము వచ్చినప్పుడు చేయదగిన పని యేమి?

మొదటిది, మెరుగు పెట్టరాదు. చింతపులుపుతో దోముట, కుంచెతో రుద్దుట మనకలవాటు. నగకది సొగసు, నాణెమున కది హాని. పైపొర పోయినచో కొనువాడు తొలిచూపుననే గుర్తించి వెల దగ్గించును. అట్లే బెజ్జము వేయుటయు, కొండి యతుకుటయు. కాసులపేరు కావలసినవారికి గ్రొత్తకాసులు పోసి యిత్తము, పాతవానిని బొడువవలదు.

రెండవది, గీటురాయిపై గీయుటగాని యాకురాయితో అంచు రాచుటగాని కూడదు. వన్నె తెలియుటకు గీత లేని మార్గమున్నది. నాణెమును గాలిలో తూచి, సన్నని దారముతో నీటిలో వ్రేలాడదీసి మరల తూచవలెను. గాలిలో 3.40 గ్రాములున్న వరహా నీటిలో 3.20 తూగినచో దగ్గినది 0.20, 3.40ని 0.20తో భాగించిన 17 వచ్చును. అపరంజికి 19.3 రావలెను, ఇత్తడికి ఎనిమిదిన్నర ప్రాంతమున వచ్చును. ఫణములంత చిన్నవానికి ఈ లెక్క నిలువదు. వానికి హాల్‌మార్కు కేంద్రములలోని ఎక్సురే యంత్రము చాలును. అది నాణెమును గాయపరుపదు.

మూడవది, నకిలీలను గనిపెట్టుట. పోతపోసిన దొంగనాణెమున కంచున అతుకుగీత యుండును. పైని సూదిమొనంత గుంటలుండును. ముద్ర కొట్టినదానికివి యుండవు. రామటంకములని శ్రీరామపట్టాభిషేకపు బిళ్లలు కొన్ని తిరుగుచుండును. అవి పూజకు జేసినవే కాని చెల్లుబడికి వేసినవి కావు. ఇత్తడికి నీరుపోసి ప్రాచీనములని యమ్మువారును గలరు. ఈ మోసములను మనకంటె బాగుగా పట్టగలవారెవరు?

నాలుగవది, వ్రాసి యుంచుట. తూకము, అడ్డుకొలత, రెండుప్రక్కల ఛాయాపటములు, వచ్చిన గ్రామము, యజమాని చెప్పిన కథ — ఇవి యొక పుటలో బట్టును. ఉత్తర సర్కారుల కమిషనరుగా నుండిన వాల్టరు ఇలియటు 1886లో దక్షిణదేశ నాణెములను గూర్చి గ్రంథము ప్రకటించెను. పరదేశీయుడొకడు మన నాణెములను గూర్చి పుస్తకము వ్రాయగా, వానిని చేసినవారి సంతతివారమైన మనము పుట యైనను వ్రాయలేదు.

అయిదవది, చట్టము నెరుగుట. భూమిలో దొరకిన నిక్షేపము పదిరూపాయల వెలకు మించినచో కలెక్టరునకు దెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము. ప్రభుత్వము దానిని దీసికొనదలచినచో లోహపు వెలయు, దానిపై నయిదవవంతును చెల్లింపవలెనని యందే యున్నది. అనగా నాణెము లోహముకంటె నెక్కువయని ఆ చట్టమే యొప్పుకొన్నది. నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువనియు, అట్టివానిని ప్రైవేటువారు దేశము దాటింపరాదనియు, వానితో వ్యాపారము చేయగోరువారు లైసెన్సు బొందవలెననియు 1972 నాటి చట్టము విధించుచున్నది. త్రవ్వకములో దొరకినదాని నెవరైన రాత్రివేళ దెచ్చి కరగింపుమన్నచో, “కలెక్టరుగారి యొద్దకు బొ”మ్మని చెప్పుటయే మనకు క్షేమము.

కడపటిది యన్నిటికంటె ముఖ్యము. నాణెము వెల మనకు దెలిసి, తెచ్చినవారికి దెలియనప్పుడు మనమేమి చేయవలెను? పాతబంగారపు ధరకు గొని, పట్టణమున నధికమున కమ్ముకొనువారు లేకపోలేదు. అది మూసలో వేయుటకంటె హీనమని మా యభిప్రాయము. నాడు మేము నాణెమును జెరిపితిమి గాని యామె నమ్మకమును జెరుపలేదు. తెలిసియు జెప్పనివాడు నాణెమును గాపాడి నమ్మకమును గరగించును. పల్లెటూరి స్త్రీ తన తాళిబొట్టును మన చేతబెట్టి వీథియరుగుపై నిశ్చింతగా గూర్చుండునే, ఆ నిశ్చింతయే మన మూలధనము. కావున ముందుగా “అమ్మా, ఇది యెత్తుకంటె నెక్కువ వెల గలది, తొందరపడి కరగింపవలదు” అని చెప్పి, పిమ్మట నామె యిష్టము ననుసరింపవలెను. పెండ్లి ఖర్చు తరుముకొని వచ్చినవారు కరగింపుడనియే యనవచ్చును. అప్పుడైనను పటము తీసి, తూకము వ్రాసికొని కరగింతము.

పోషకులను మేమర్థించునది స్వల్పము. మన సంఘమందిరమున నొక సన్నని త్రాసు, ఒక భూతద్దము, పటములు దీయు సాధన మొకటి, నాణెములను గూర్చిన నాలుగు మంచి పుస్తకములు, ఒక లెక్కపుస్తకము ఉండవలెను. చదువుకొన్న యువకుడొకడు వారమున కొకదినము గూర్చుండి, ఏ యంగడినుండి యే నాణెము వచ్చినను జూచి వ్రాయవలెను. నగల దుకాణములు పెద్దవై చేతిపని తగ్గిపోవుచున్న యీ కాలమున మన పిల్లలు కుంపటి విడిచి యన్యవృత్తుల కేగుచున్నారని మనమందరము చింతించుచున్నాము. వారు కుంపటిని విడిచినను, తాతల కన్నును విడువనక్కరలేదు. ముద్రలోని లోతు, రేకులోని పనితనము, పోతకును కొట్టుడుకును గల భేదము — ఇవి మన యిండ్లలో బుట్టిన విద్యలు.

ఆ వృద్ధురాలి మనుమరాలి చెవుల నా కమ్మలింకను నుండవచ్చును. వానియందు పదునొకండు సంవత్సరముల చరిత్ర కలిసియున్నదని యామెకు దెలియదు, మాకు దెలియును. ఇటువంటి రహస్యము మీలో నెవరికిని మిగులకుండుగాక.

 వరాహనదీతీరవాసియగు బ్రహ్మలింగేశ్వరుడు మన సంఘమును గాపాడుగాక.